నీళ్లలో పట్టుకున్న చెయ్యి

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. దాని బరువుకి అలవాటు పడిపోయాను కూడా. నాకు అన్నిటికంటే అసహ్యం అదే. జాలిపడకండి. వినండి చాలు.

తొంభైల చివర్లో మాట. మాదాపూర్‌లో ఇంకా బండలు పేలుస్తున్న రోజులు. మధ్యాహ్నం పూట మా ఆఫీసు కిటికీ అద్దాలు అదిరేవి. కాకినాడ నుంచి వచ్చి ప్రోగ్రామర్‌గా చేరాను. ఆడవాళ్ల మీద నాకు మనసు పోదని అప్పటికే తెలుసు. నాలాంటి వాడు ఈ ఊళ్లో ఇంకొకడు లేడనుకుంటూ బతికేవాణ్ణి. అప్పుడు యాదగిరి పరిచయమయ్యాడు.

ఊరి శివార్లలోని నల్లగండ్ల అనే పల్లెవాడు. వైజాగ్‌లో కొన్నేళ్లు డైవర్‌గా సముద్రంలోకి దిగి పనిచేసి వచ్చాడు. మాలాంటి వాళ్లని, అంటే మగవాణ్ణి కోరుకునే మగవాళ్లని, ఆడదాన్ని ప్రేమించే ఆడవాళ్లని కూడగట్టి ఒక స్కూబా క్లబ్బు పెట్టాడు. బయటివాళ్లకి అదొక ఈత సరదా. ఆదివారం పొద్దున్నే ఒక ప్రైవేటు ఈతకొలనులో, వీపుకి గాలి సిలిండర్లు కట్టుకుని దిగేవాళ్లం. చలి తగ్గాక అందరం సముద్రానికి వెళ్లాలనుకున్నాం. నీళ్ల అడుగున పెళ్లెప్పుడని ఎవరూ అడగరు. ఒకరి గాలి అయిపోతే రెండోవాడు తన నోట్లో గొట్టం తీసి ఇవ్వాలి. అందుకు ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకోవాలి. నాకు జతగా యాదగిరే దిగేవాడు.

ఒక ఆదివారం మా మేనేజరు పిల్లల్ని తీసుకుని అదే కొలనుకి వచ్చాడు. మేమిద్దరం చేతులు పట్టుకుని పైకి తేలడం చూశాడు. సోమవారం కేబిన్‌కి పిలిచి నవ్వుతూ అడిగాడు. "ఏంటయ్యా, ఆ గ్యాంగు ఏదో తేడా అంటున్నారు. నువ్వూ అంతేనా?"

అంతే అడిగాడు. కాదని చెప్పి బయటికొస్తే సరిపోయేది. సరిపోయేదా? ఇప్పటికీ తెలీదు. నా నోరు అంతటితో ఆగలేదు. "నేర్పిస్తానని పిలిచాడండి. నీళ్లలో నామీద చేతులేస్తున్నాడు. వద్దన్నా వినడు," అన్నాను. ఎందుకన్నాను? భయం వల్ల అని చాలాకాలం చెప్పుకున్నాను. భయమైతే ఒక్క మాటతో ఆగాలి కదా. నా మీద నాకున్న రోతనంతా యాదగిరి నెత్తిన కుమ్మరించాను. కుమ్మరిస్తుంటే హాయిగా కూడా ఉంది.

మేనేజరు ఆ మాట కొలనువాళ్ల చెవిన వేశాడు. మరుసటి ఆదివారం వాళ్లు గేటు దగ్గరే కాపు కాశారు. యాదగిరిని కాలర్ పట్టి లాగారు. వాళ్ల వెనక మా మేనేజరు, అతని పక్కన నేను. తిట్టిన తిట్లు రాయలేను. మాతో డైవింగ్ నేర్చుకునే పద్మజ అడ్డం వస్తే ఆమెనీ తోసేశారు. పెదవి చిట్లి రక్తం కారుతుంటే యాదగిరి నావైపు చూశాడు.

"తమ్మీ, జర నువ్వన్న చెప్పు. నీళ్లల్ల నిన్నెట్ల పట్టుకున్ననో చెప్పు."

అందరూ నావైపు తిరిగారు.

"వద్దన్నా పట్టుకున్నాడు," అన్నాను.

"గిట్లనా, తమ్మీ?" అన్నాడు. తర్వాత పడిన దెబ్బలకి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

మా క్లబ్బు ఆ రోజుతో పోయింది. కబురు అతనికంటే ముందే ఊరికి చేరింది. అన్నదమ్ములు ఇంట్లోకి రానివ్వలేదట. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. పద్మజ ఒకసారి రోడ్డు మీద ఎదురై నా ముఖాన ఉమ్మింది. తుడుచుకుని ఆఫీసుకి వెళ్లాను. ఆ ఏడే ప్రమోషన్ వచ్చింది. తర్వాత పెళ్లీ చేసుకున్నాను. ఏమీ ఎరగని ఆవిడకి నేను చేసింది ఇంకో అన్యాయం.

యాదగిరిని వెతికానా? లేదు. కనిపిస్తే ఏమంటాను? క్షమించమని అడిగే మొహం లేదు, అడగను కూడా. ఆ గేటు దగ్గర అందరి ముందూ అనాల్సిన మాట ఇప్పుడు మీతో అంటున్నాను. యాదగిరి నన్ను చెడుగా ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా లేదు. ముట్టుకుంటే బాగుండునని ప్రతి ఆదివారం కోరుకున్నది నేను.