కల్లంలోకి చెప్పులతో

బొగ్గు మండించి కరెంటు తీసే స్టేషన్ తప్పక చూడాల్సిన వింతట. ఫోన్‌లో ఎవరో రాసిన ఆ ముక్క నమ్మి, పనిగట్టుకుని శ్రీకాకుళం నుంచి గుంటూరు పల్లెల దాకా వచ్చిన ఘనుణ్ణి నేను. ఏటి అవతల ఉన్న దాని పొగగొట్టాలన్నీ ఒక్క ఫొటోలో పట్టాలంటే రోడ్డు పక్కన కాయలు ఎండబోసిన మిరప కల్లమే సరైన చోటనిపించి, అందులో కాలు పెట్టబోయాను.

"ఏవండీ, చెప్పులు విప్పండి!" రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతున్న ఒకావిడ గట్టిగా అరిచింది. "తినే సరుకండీ ఇది. మా ఆసామి కూడా చెప్పులతో రాడు."

గుడి ముందు విప్పడం తెలుసుగానీ, మిరపకాయల ముందు విప్పమనడం అదే మొదటిసారి వినడం. విప్పాను. కాలే నేల మీద గంతులేస్తూ నాలుగు ఫొటోలు తీసి, "ఎంత గొప్పగా ఉందో చూడండి" అని ఆవిడకే చూపించాను. నా తెలివి అలా ఏడిచింది.

ఆవిడ ఫోన్ వంక చూడనే లేదు. కాయల మీద కప్పే పట్టాని వేలితో ఒక్క గీత గీసి, ఆ వేలు నా ముందు పెట్టింది. వేలినిండా బూడిద.

"పొద్దునే కడిగానండీ దీన్ని. మీరు మనిషి కాబట్టి చెప్పులు విప్పమన్నాం. ఆ గొప్పదానికి ఎవరు చెప్తారు?"