హాల్లో వినబడని పాట

జెర్సీ సిటీ వెళ్లే రైల్లో సౌండ్ మిక్సర్ ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటి క్రితం తెలుగువాళ్ల ఫంక్షన్‌లో పాడినావిడ వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. అక్కడ సౌండ్ చూసింది నేనేనని ఆవిడకు తెలియదు.

నేను తెలుగువాణ్ణని తెలియగానే మాట కలిపారు. "ఇవాళ పాడాను బాబూ. వెనకనుంచి లౌడర్, లౌడర్ అని ఒకటే అరుపులు. ఎంత గట్టిగా పాడినా వినబడలేదట. చివరికి వాయిస్ క్రాక్ అయింది. వయసైపోయింది, ఇంక నా వల్ల కాదు."

స్టేజీ మీద ఆవిడ కోసం విడిగా పెట్టిన స్పీకర్‌లో ఆవిడ పాట ఆవిడకు బాగానే వినబడింది. అందుకే ఆవిడకు మైక్ మీద అనుమానం రాలేదు. హాల్లోకి సౌండ్ పెంచడానికి నేను మిక్సర్ మీద ఆవిడ మైక్ మీట బదులు పక్క మైక్‌ది పైకి జరుపుతూ కూర్చున్నాను. పాట చివర్లో తప్పు తెలిసింది. గుట్టుగా సరిచేసి ఊరుకున్నాను.

"ఆంటీ, మీ గొంతు బాగానే ఉంది. మిక్సర్ దగ్గర ఉన్నది నేనే. మీ మైక్ బదులు పొరపాటున పక్కది పెంచాను. సారీ ఆంటీ," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. నా సంచి వంక కాసేపు చూసి, "ఆ మాట అక్కడ చెప్పాల్సింది బాబూ, అందరూ ఉండగా," అన్నారు. తర్వాతి స్టేషన్లో దిగిపోయారు.

ఇప్పుడు సౌండ్‌లో ఏ పొరపాటు జరిగినా వెంటనే మైక్ తీసుకుని తప్పు నాదేనని చెబుతున్నాను. ఆవిడను మాత్రం మళ్లీ ఏ ఫంక్షన్‌లోనూ పాడగా చూడలేదు.