హజరత్తయ్య గీసిన గీత

తోటపల్లి గూడూరు పక్క పల్లెలో హజరత్తయ్యకు ఒకటే జబ్బు, అనుమానం. దానికి ఆయన వాడే మందు బూడిద.

తూర్పారబట్టిన వడ్లు కొలిచేదాకా కళ్లంలోనే ఉంటాయి గనక, రాశి మీద బూడిదతో గీతలు గీసి పోతారు. ఎవరైనా చెయ్యి పెడితే గీత చెదురుతుంది. ఊరంతా కోతల కాలంలో చేసే ఈ పనిని హజరత్తయ్య ఏడాది పొడుగునా చేసేవాడు. ఉప్పు జాడీకి గీత, గడ్డివామికి గీత, పెళ్లికెళితే బయట విడిచిన చెప్పుల చుట్టూ గీత. ఒకసారి నెల్లూరు బస్సులో తన సీటు మీద గీత గీసి టీ తాగడానికి దిగాడు. తిరిగొచ్చేసరికి కండక్టరు దాని మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందయ్యా, నా గీత చెరిపినావే!"

"యాడికీ పోలా పెద్దాయనా, నా ప్యాంటుకే ఉండాది. చూసుకో."

భార్య వెంకటశేషమ్మ ఈయనతో వేగీ వేగీ ఆరితేరింది. పెరుగు మీద గీత గీయడం కుదరదని ఆయన దిగులుపడితే, "మీగడ ఉండాది గదా, అదే గీత. పోయి పడుకోండి" అనేది.

పందొమ్మిది వందల అరవై మూడులో మొలగొలుకుల వరి విరగపండింది. కళ్లానికి అబ్రహాము కొత్తగా కాపలా కుదిరాడు. ఆ కాపలాకిచ్చే గింజలే వాళ్లింటికి తిండి. ఒక ఉదయం చూస్తే రైతు ఓబులేసు రాశి మీద గీత చెదిరి ఉంది. జనం మూగారు.

"కాపలా ఉండింది నువ్వు. నువ్వు గాక ఎవురు చెయ్యి పెడతారు?" అన్నాడు ఓబులేసు.

"దేవుని తోడు, నేను ముట్టలా అయ్యా. సముద్రం గాలికి..."

"గాలికి నా రాశి ఒక్కటే కనబడిందా? గింజలూ లేవు, ఏమీ లేవు. పో!"

అబ్రహాము భార్య ఎలిశబెతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జనంలో ఉన్న వెంకటశేషమ్మ ఆమె పక్కకు పోయి నిలబడింది.

హజరత్తయ్య అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆపండబ్బా గోల. అది చెరిపింది నేను."

"నువ్వా, అన్నా? ఎందుకు?"

"నీ గీత గట్టిదో కాదోనని అనుమానమొచ్చింది. తెల్లారుజామున వచ్చి వేలు పెట్టి చూసినా. శుద్ధ పనికిమాలిన గీత!"

కళ్లం కళ్లమంతా పడీపడీ నవ్వింది. ఇంకొకరు ఆ మాట చెబితే ఊరు సాక్ష్యం అడిగేది. హజరత్తయ్యకు ఆయన మొహమే సాక్ష్యం. ఓబులేసు తల కొట్టుకుని, "పో అబ్రహామూ, పోయి సద్దన్నం తిను. ఈయన్ని మాత్రం కళ్లం ఛాయలకు రానియ్యబాక" అన్నాడు.

ఇంటికొచ్చాక వెంకటశేషమ్మ తలుపు దగ్గరగా వేసింది. "తెల్లారుజామున మీరు మంచంలో గురక పెడతా ఉండారు. కళ్లానికి ఎప్పుడు పోయినారు?"

"మెల్లిగా మాట్లాడుమే."

"వాడు తియ్యలేదని మీకెట్ట తెలుసు?"

"నాకేం తెలుసు?"

"మరి?"

హజరత్తయ్య చిరాకుపడ్డాడు. "ఊరంతా కూడి ఒక మనిషిని అనుమానిస్తే వాడు బతికేదెట్ట? అనుమానం నా పని. అందరూ మొదలుపెడితే ఇంక ఊరు మిగలదు."

"నేనూ ఆడనే ఉండా గదా. గురక సంగతి నోరు జారుంటే?"

"నువ్వా? జారవు" అన్నాడాయన, కాళ్లు కడుక్కోవడానికి చెంబు అందుకుంటూ.

కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆయన నోట అనుమానం లేని మాట వినడం వెంకటశేషమ్మకు అదే మొదలు. ముసలితనంలో సిగ్గు ముంచుకొచ్చి, అన్నం వడ్డించే నెపంతో గబగబా లోపలికి పోయింది.