అల్లుడు సైకిల్ పట్టుకున్నందుకు

నేను ఈదాను, సైకిల్ తొక్కాను, పరుగెత్తి గీత దాటాను. మూడూ చేసిన నన్ను పోటీ పూర్తి చేయనివాళ్ళ కింద రాశారు. కారణం, దారిలో మా అల్లుడు నా సైకిల్ పట్టుకున్నాడట.

ఈ సీజన్‌లో మొదటి ట్రయాథ్లాన్ తమిళనాడులో మా ధర్మపురి పక్కనే, డ్యాము దగ్గర పెట్టారు. డెబ్బై దాటినవాళ్ళలో పేరిచ్చింది నేనొక్కడినే. గెలవక్కర్లేదు. గీత దాటితే ఫలితాల్లో నా పేరు ఉంటుంది, నాకు కావలసింది అంతే. మా ఆవిడ మాత్రం, "ఊర్లో ముసిలోళ్ళంతా మనవళ్ళని బడికి దింపతా ఉంటే, మీరు చెడ్డీ ఏసుకోని డ్యాముకు పోతారా" అంది.

ఈత బి. మల్లాపురంలో మా పొలం బావిలో వచ్చింది. సైకిల్, వెనక బట్టల మూట కట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మిన రోజుల్లో వచ్చింది. చిన్నప్పుడే బడి మానిపించారు. హాజరు పిలిచేటప్పుడు నా పేరు దాటేసి పక్కవాడిని పిలిచిన ఆ పొద్దు నాకు ఇప్పటికీ గుర్తుంది. తెలుగు అక్షరాలూ ఇంగ్లీషూ తర్వాత నాకు నేనే దిద్దుకున్నాను. అందుకే పోటీ నియమాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. బయటివాళ్ళ సాయం తీసుకోకూడదని ఉంది. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను కూడా. అల్లుడు ఆ రోజు లేడు, పాలకోడు మండీలో టమాటా వేలంలో ఉన్నాడు.

పోటీ రోజు నీళ్ళలోంచి చివరివాడిగా రాలేదు. నా వెనక ఇంకా కుర్రవాళ్ళు నీళ్ళలో చేతులు కొట్టుకుంటూనే ఉన్నారు. తాళ్ళు కట్టిన ఆవరణలోంచి సైకిల్ తీసి, ఎక్కవలసిన గీత దాకా కంకర మీద వట్టికాళ్ళతో తోసుకుంటూ పోతున్నాను. అప్పుడే అల్లుడు మండీ నుంచి నేరుగా వచ్చి తాడు అవతల నిలబడ్డాడు. మా ఇళ్ళలో మామ చేతిలో సంచి ఉంటే అల్లుడు చేతులు ఊపుకుంటూ నడవడు. నడిస్తే చూసినవాళ్ళు ఊరుకోరు. తాడు కింద దూరి వచ్చి హ్యాండిల్ పట్టేశాడు.

"ఇట్లియ్యండి మామా. మీరు తోస్తా ఉంటే నేను చూస్తా నిలబడేదా?"

"విడువప్పా, విడువు" అన్నాను.

మావాళ్ళలో ఎవరూ మొదటిసారికే సరే అనరు. కాఫీకైనా, ఇంకో ముద్దకైనా, బరువు అందుకోవడానికైనా ముందు వద్దనాలి, అవతలివాడు వినకూడదు. నేను గట్టిగా వద్దన్నకొద్దీ అతను గట్టిగా పట్టుకున్నాడు. పోవలసిన దిక్కుకు కాదు, వెనక్కి, చింతచెట్టు నీడకు తోసుకుపోయి స్టాండు వేసి, నా తల మీద తువ్వాలు కప్పాడు.

విజిల్ మోగింది. రెఫరీ వచ్చి అరవంలో నన్ను తాతా అని పిలిచి, ఇక తొక్కినా లెక్కలోకి రాదు, పోయి కూర్చోమన్నాడు. నన్ను వెనక్కి లాక్కుపోయినదాన్ని సాయం అంటారా అని అడిగాను. సాయం సాయమే అన్నాడు. ఆ నిమిషంలోనే పక్కన బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడి సైకిల్‌ను ఇంకొకడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అదేమిటన్నాను. అతను మా వలంటీర్, బయటివాడు కాదు, పట్టుకోవచ్చు అన్నాడు.

అయినా తొక్కాను. అయినా పరుగెత్తాను. గీత దగ్గర ఒక అమ్మాయి వచ్చినవాళ్ళందరికీ వేస్తున్న పతకమే నాకూ వేసి, అరటిపండు చేతిలో పెట్టింది. ఫలితాలు వచ్చాక చూస్తే, నీళ్ళకు భయపడి సగంలో గట్టెక్కి కూర్చున్నవాళ్ళ పేర్ల కింద నా పేరు.

అల్లుడు ఆ తర్వాత చాలా రోజులు నా ఎదురుగా రాలేదు. మామ బరువు తోస్తా ఉంటే చెయ్యి ఎట్ల ఊరికే ఉంటుందని మా అమ్మాయి దగ్గర బాధపడ్డాడట. అతని మీద నాకు కోపం లేదు. నిర్వాహకులకు ఇంగ్లీషులో రాశాను, అరవంలో రాశాను. ఒకసారి ఎవరో ఫోన్ చేసి ఆరోగ్యం చూసుకోమని చెప్పి పెట్టేశారు. మళ్ళీ రాశాను. చివరికి అరవంలో జవాబు వచ్చింది. దాన్ని తెలుగులో పెడుతున్నాను:

"అయ్యా, మీ ఉత్తరాలన్నీ అందాయి. ఫలితం మార్చడం కుదరదు. అయితే మీ వయసుకు మర్యాదగా, వచ్చే సీజన్ మొదటి పోటీని జెండా ఊపి ప్రారంభించడానికి మిమ్మల్ని ముఖ్య అతిథిగా పిలుస్తున్నాము. నీడలో కుర్చీ వేయిస్తాము. సైకిల్ తేనక్కర్లేదు. సాయంగా మీ అల్లుడిని వెంట తెచ్చుకోవచ్చు."