పెద్దమ్మ ఎదురొచ్చిన సాలు

పోయిన గురువారం తెల్లవారుతుండగా మా పెద్దమ్మ భద్రాచలం దవాఖానాలో కన్నుమూసింది. మా అమ్మకు అక్క. బూర్గంపాడు చుట్టుపక్కల మిరప చేలల్లో ముప్ఫై మంది ఆడకూలీల ముఠాకు ఇరవై ఏళ్లు పెద్దగా ఉంది. కబురు విన్నాక నాకు మొదట ఏడుపు రాలేదు, భయం వేసింది. మూడేళ్ల కింద ఆమె నాకొక పని చెప్పింది. అది నేను చేయకముందే ఆమె వెళ్లిపోయింది.

నన్ను ఎరగనివారి కోసం చెబుతున్నాను. వారమంతా ట్రాలీ ఆటో నడుపుతాను, ఆదివారం మా వాడలోని రేకుల షెడ్డులో వాక్యం చెబుతాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కిరాయి కోసం ఎదురుచూస్తూ, ఆటో హ్యాండిల్‌కు బైబిలు గ్రంథం ఆనించి చదువుకున్నాను. నేను మాట్లాడితే షెడ్డు రేకులు అదురుతాయని జనం అంటారు. అది పొగడ్తే అనుకునేవాణ్ణి.

పెద్దమ్మ ముఠాను చేలకు చేర్చేది నా ఆటోనే. అందుకే ఆమె పని చేయించే తీరు కళ్లారా చూశాను. చేలో ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టి కాయలు ఏరుకుంటూ పోతారు. అందరిలోకీ పెద్దమ్మది వేగమైన చెయ్యి. తన సాలు ముగించి గట్టున కూర్చుని కేకలు వేయవచ్చు, ముఠా పెద్దలు చాలామంది చేసేది అదే. ఆమె మాత్రం రెండు గుక్కల నీళ్లు తాగి, అందరికంటే వెనకబడిన మనిషి సాలులోకి అవతలి కొస నుంచి దిగేది. ఏరుకుంటూ ఎదురొచ్చేది. సాలు నడుమ ఇద్దరూ కలిసేవాళ్లు. "అయిపాయె, లే," అనేది. సాయం చేశానన్న మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు.

వెనకబడేది ఎప్పుడూ ఒకే మనిషి. మోకాలు అరిగిన ఒంటరి ఆడది, మా ప్రార్థనకు వచ్చే సోదరే. ఒకసారి చేను రైతు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాడు, గట్టు మీద నిలబడి అన్నాడు: "ఏమ్మా, రేపట్నించి ఆ కుంటావిడని తీసుకురాబాకు. ఆవిడ ఏరేలోపు కాయ రాలిపోద్ది."

పెద్దమ్మ తల ఎత్తలేదు. "గట్లనే సారూ. రేపటికి వేరే ముఠాను చూసుకోండ్రి."

"నేనంది ఒక్కదాన్నే కదమ్మా! అందర్నీ ఆపుతానంటావేంటి?"

"కాలు నొస్తుందని కాలు ఇంటికాడ పెట్టి మీరు పొలం వస్తరా సారూ?"

చేలో ఆడవాళ్లంతా కిసుక్కున నవ్వారు. రైతు కూడా నవ్వి వెళ్లిపోయాడు. దేహం ఒక్కటే, అవయవాలు అనేకం అని నేను గంటసేపు చెప్పే ప్రసంగం అది. ఆమె మిరపకాయ తుంచుతూ ఒక్క మాటలో చెప్పేసింది.

ఇక నా తప్పు. మూడేళ్ల కింద ఆఖరి ఏరుడు ఆదివారం పడింది. మబ్బు పట్టింది, వాన పడితే కాయ పాడవుతుందని ముఠా అంతా చేనుకు పోయింది. తర్వాతి ఆదివారం నేను మైకు పట్టుకుని ఆ సోదరిని పేరు పెట్టి పిలిచి నిలబెట్టాను. "కూలి ముఖ్యమా, దేవుడు ముఖ్యమా?" అని గర్జించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోకుండా చేతబట్టుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది.

"బిడ్డా, ఆ ఆదివారం నేను గూడ చేనుకు పోయిన. నన్నెందుకు నిలబెట్టలే?"

"నువ్వు పెద్దమ్మవు గదా."

"అంటే ఆమె ఎవ్వలకు ఏం గాదనా?"

నేను ఆటో తుడిచే గుడ్డ అందుకున్నాను. "మైకుల అన్నవ్. తప్పయిందని మైకులనే చెప్పు," అంది.

అప్పుడే ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాల్లో నాయకత్వ శిక్షణకు పోయి వచ్చాను. వ్యాపారం చేసేవాళ్లకూ, నాలాంటి బోధకులకూ కలిపి పెట్టారు. "నాయకుడు అందరి ముందు తగ్గితే సంఘం చెదురుతది పెద్దమ్మా. క్లాసుల గదే చెప్పిండ్రు," అన్నాను.

"గా క్లాసుల బిర్యానీ పెట్టిండ్రా?"

"అవ్, పెట్టిండ్రు."

"గదొక్కటే నీకు ఒంటబట్టింది పో."

మందను ఒక్కనాడు తొందరపెట్టి తోలినా చస్తుందని, పిల్లల నడకను బట్టి మెల్లగా వస్తానని యాకోబు తన అన్నతో అన్న మాట మీద ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. అయినా మూడేళ్లు ఆ మైకులో తప్పయిందన్న ఒక్క మాట చెప్పలేకపోయాను. పెద్దమ్మ మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

శుక్రవారం సమాధి చేశాం. ముఠా అంతా వచ్చింది. ఆ సోదరి అందరి వెనక నిలబడింది. రాసుకొచ్చిన ప్రసంగం మడిచి జేబులో పెట్టి, మైకులో ఆమె పేరు చెప్పి, "తప్పు నాది. మా పెద్దమ్మను వదిలిపెట్టి నిన్ను నిలబెట్టిన. క్షమించు," అన్నాను. గొంతు నాకే వినపడలేదు. సంఘం చెదరలేదు. ఎవరో ముక్కు చీదారు, అంతే.

మట్టి వేశాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మైకు అక్కరలేకుండె అయ్యగారు. ఇంటికొస్తే సరిపోతుండె. మూడేండ్ల సంది ఆదివారమాదివారం మీ పెద్దమ్మ వచ్చేది. మీరు చెప్పిన వాక్యమంతా నాకు మళ్లీ చెప్పేది. మీ లెక్క ఒర్రుకుంట గాదు, మెల్లగ." కళ్లు తుడుచుకుంది. "ఇగ ఎవరు చెప్తరు?"

ప్రార్థన కాగానే పెద్దమ్మ ఎక్కడికి పోయేదో నేను ఏనాడూ అడగలేదు. నేను వెళ్లగొట్టిన మనిషికి నా మాటలనే, నా కోపం తీసేసి, మూడేళ్లు మోసుకెళ్లింది.

మొన్న ఆదివారం ప్రార్థన ముగించి ఆ సోదరి ఇంటికి పోయాను. వాకిట్లో రెండు పీటలు వేసి ఉన్నాయి. ఒకదాని మీద ఆమె మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. రెండో పీట మీద ఎండ పడుతోంది. నీడలోకి జరుపుకోబోయాను.

"దాన్ని గట్ల ఉండనీయుండ్రి అయ్యగారు. మీ పెద్దమ్మ కూసునేది," అంది.

నేను నేల మీద కూర్చుని గ్రంథం తెరిచాను.