అవ్వ చెవి మిషన్‌కు అతికిన తీగ

తొంభైలలో, తమిళనాడులో అగ్గిపెట్టెల పనికి పేరుపడ్డ కోవిల్‌పట్టిలో ఉన్నప్పుడు, మా అవ్వ చెవి మిషన్ తీగ తెగిపోయింది. అది లేకపోతే ఆమెకు ఏమీ వినపడదు; ఉన్నా, ఆ పాత తీగతో ఎప్పుడూ గరగరే. ఇంట్లోనే సోల్డరింగ్ చేద్దామని విరుదునగర్ వెళ్లి, తెల్లగా మెరుస్తోందని ఒక తీగ కొన్నాను. తీరా చూస్తే అల్యూమినియం. ఎంత వేడిచేసినా సీసం పట్టకుండా జారిపోయింది.

చివరికి పాత హెడ్‌ఫోన్ రాగితీగ కత్తిరించాను. మా ఇంట్లో అగ్గిపుల్లలకు కొదవ లేదు. ఒకటి గీసి, తీగ మీది రంగుపూత కాల్చి గీకితే, సీసం చటుక్కున పట్టుకుంది.

అవ్వ మిషన్ పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఏమిరా ఆ సద్దు?"

"అమ్మ అగ్గిపుల్లలు పెట్టెల్లో నింపతా ఉండాది అవ్వా."

బతుకంతా ఆ పనే చేసిన అవ్వ కళ్లు మూసుకుంది. "వాన పడినట్టు ఉండాదిరా," అంది.

ఆ సద్దులోనే పుట్టి పెరిగిన నేను, దాన్ని మొదటిసారి విన్నది అప్పుడే.