ఆదివారం మాత్రలు

కాలరక్కని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ బట్టల ఫ్యాక్టరీలో ఎవరూ మిగల్లేదు. ముప్పై రెండేళ్ళుగా చొక్కాలకి కాలర్లు అతుకుతోంది కాబట్టి కాలరక్క, అంతే. పదిహేడో ఏట దారాలు కత్తిరించే పనిలో చేరింది. రెండేళ్ళకి మిషనెక్కింది. ఆ తర్వాత ఎంతమంది మేనేజర్లు వచ్చి పోయినా మూడో లైనులో కిటికీ పక్క మిషను మాత్రం వదల్లేదు. ఆవిడ అతికిన కాలరు వంకరపోయిందని చెకింగ్ బల్ల మీంచి తిరిగొచ్చిన రోజు లేదు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు, అందుకే మాటలో కాస్త పెత్తనం. సూది ఎలా మార్చాలో, సూపర్వైజరు ముందు ఎప్పుడు నోరు మూసుకోవాలో, ఒంట్లో బాగాలేని రోజుని ఎలా నెట్టుకురావాలో కొత్తవాళ్ళకి ఆవిడే చెప్పేది. అడక్కపోయినా చెప్పేది. చెప్పినవాటిలో చాలా మటుకు మంచివే. ఒక్కటి మాత్రం కొంప ముంచింది.

మూడో లైనులో ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు. బాత్రూంకి వెళ్ళడానికి వాళ్ళందరికీ కలిపి ఒకే ఒక్క పాసు. ప్లాస్టిక్ తొడిగిన అరచెయ్యంత అట్టముక్క, సూపర్వైజరు బల్ల పక్కన మేకుకి వేలాడుతుంటుంది. మేకు మీద పాసు ఉంటేనే లేవాలి. ఎవరైనా తీసుకెళ్తే వాళ్ళు వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చోవాలి. ఐదు నిమిషాలు దాటితే కాగితం మీద పేరుకెదురుగా గీత. మూడు గీతలు పడితే ఆఫీసులోకి పిలుపు. రోజు మొత్తంలో మనిషికి రెండుసార్లు వంతు దక్కితే గొప్ప. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, వాడు మంచినీళ్ళు తాగే మనిషి అయ్యుండడు. ఆడవాళ్ళు పాపం దానికి తగ్గట్టే బతకడం నేర్చుకున్నారు. పొద్దున్న టీ సగమే తాగుతారు. నీళ్ళ సీసా తెచ్చుకుంటారు, సాయంత్రం దాకా మూత తియ్యరు.

కాలరక్కకి నలభై ఆరో ఏట బీపీ ఉందని తేలింది. వీధి చివరి క్లినిక్కులో డాక్టరు చిన్న తెల్ల మాత్ర రాశాడు. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ బయటికి పంపించేస్తుందని, రోజూ పొద్దున్నే వేసుకోవాలని చెప్పాడు. మొదటి రోజు వేసుకుని పనికెళ్ళింది. పదకొండు గంటల లోపల మూడుసార్లు పాసు కోసం లేచింది. నాలుగోసారి లేచి చూస్తే మేకు ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఒడిలో చొక్కా గుడ్డ పరుచుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చుని, లైనంతా వెళ్ళిపోయాక లేచింది. తల కొట్టేసినట్టయింది ఆవిడకి.

మర్నాటి నుంచి డ్యూటీ రోజుల్లో మాత్ర మానేసింది. వారమంతా ఎగ్గొట్టినందుకు ఆదివారం ఒకటికి రెండు వేసుకునేది. ఆదివారాలు తల తిరిగేది, పిక్కలు పట్టేసేవి, నోరు పిడచకట్టుకుపోయేది. మందు బాగా పనిచేస్తోందనుకుని సంతోషపడేది. అలా ఐదేళ్ళు గడిచిపోయాయి, ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి తను చేస్తున్నదే సరైన పద్ధతని తేల్చేసుకుంది.

చెల్లెలి సంగతి చెప్పాలి. తల్లి పోయేనాటికి అక్కకి పదహారేళ్ళు, చెల్లెలికి ఐదు. జడలు వేసి, బడికి పంపి, పెంచి పెద్దచేసి పెళ్ళి చేసింది అక్కే. తన పెళ్ళి మాటెత్తిన వాళ్ళకల్లా "ముందు దీని సంగతి చూడనివ్వండి" అని చెప్పి చెప్పి, చివరికి ఆ మాటెత్తేవాళ్ళే లేకుండా చేసుకుంది. ఇంతా చేస్తే చెల్లెలి కాపురం నాలుగేళ్ళు నిలబడలేదు. ఒక సాయంత్రం రెండు సంచులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అక్క ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "సంచులు లోపల పెట్టి రా, తిందువుగాని" అంది. వారం తిరక్కుండా మూడో లైనులో తన పక్క మిషను మీదే జేబులు కుట్టే పనికి పెట్టించింది.

చెల్లెలు నెమ్మదస్తురాలు. ఏది అడిగినా "అక్క చెప్పింది" అనేది. లైనులో వాళ్ళకి అదొక కాలక్షేపం.

"ఏమే చిన్నీ, గాలి పీల్చుకోమని కూడా అక్కే చెప్పిందా, నీ అంతట నువ్వే పీలుస్తున్నావా?" అని ఉడికించేవాళ్ళు.

"అక్క వద్దంటే మానేస్తాలెండి" అని చెల్లెలు నవ్వేసేది. అక్క పైకి విసుక్కునేది గానీ లోపల మురిసిపోయేది. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

నలభై నిండగానే చెల్లెలికి తలనొప్పులు మొదలయ్యాయి. శనివారం డ్యూటీ దిగాక అదే క్లినిక్కుకి తీసుకెళ్ళింది అక్క. అదే బీపీ, అదే తెల్ల మాత్ర. డాక్టరు మంచివాడే, కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"చూడమ్మా, ఇది మీ అంతట మీరు ఆపెయ్యకూడదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవడం అసలు పనికిరాదు. కూర్చున్నచోటి నుంచి గబుక్కున లేవకండి. తల తిరిగినా, పిక్కలు పట్టేసినా, గుండె దడగా అనిపించినా వచ్చి చెప్పండి. మందు తగ్గించడమో మార్చడమో నేను చూసుకుంటాను."

చెల్లెలు బుద్ధిగా తలూపింది. బయటికి రాగానే అక్క మొహంలోకి చూసింది.

"ఆయనకేం, కుర్చీ పక్కనే బాత్రూం" అంది అక్క. "డ్యూటీ రోజుల్లో దాని జోలికి పోకు. ఆదివారం రెండు వేసుకో, సరిపోతుంది. ఐదేళ్ళుగా నేను చేస్తున్నది అదేగా. గుండ్రాయిలా లేనూ?"

"రెండు వద్దన్నాడు కదక్కా?"

"ఆయనొచ్చి మన లైనులో కూర్చుంటాడా?"

చెల్లెలు సరేనంది. ఆ ఒక్క ప్రశ్న డాక్టరునే అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడగలేదు. బాత్రూం గురించి, పాసు గురించి, ఒడిలో పరుచుకున్న గుడ్డ గురించి ప్యాంటూ చొక్కా వేసుకున్న ఒక మగమనిషితో ఎలా చెప్పడం? ఆ సిగ్గే సగం పని చేసింది.

ఇక నెలనెలా క్లినిక్కుకి వెళ్ళడం. వెళ్ళేది ఎప్పుడూ శనివారం సాయంత్రం. అంటే ఆరు రోజులుగా మాత్ర మొహం చూడని ఒంటికి డాక్టరు బీపీ పట్టీ చుట్టేవాడు. అంకె కిందికి ఎందుకు దిగుతుంది?

"రోజూ వేసుకుంటోందా?" అని అడిగేవాడు.

చెల్లెలు నోరు విప్పకముందే అక్క అందుకునేది. "ఆఁ, రోజూనండీ. నేను దగ్గరుండి వేయిస్తాను."

డాక్టరు బుర్ర గోక్కుని మందు పెంచేవాడు. మొదట ఇంకో సగం, తర్వాత ఇంకో మాత్ర, ఆ తర్వాత అంతకంటే బలమైనది. ఆదివారం వస్తే ఆ బలమైనవే రెండేసి చెల్లెలి గొంతులోకి వెళ్ళేవి. ఒక ఆదివారం కుర్చీలోంచి లేస్తూ కళ్ళు బైర్లు కమ్మి, తలుపుకి కొట్టుకుని కిందపడింది. నుదురు బొప్పి కట్టింది. కాళ్ళు కొయ్యబారిపోయి పావుగంట దాకా లేవలేకపోయింది. అక్క తడిగుడ్డ అద్దుతూ "మందు పట్టిందన్నమాట" అని ధైర్యం చెప్పింది. లోపల మాత్రం భయం వేసింది ఆవిడకి. డాక్టరుకి చెబుదామా అనుకుంది. చెబితే ఇన్ని నెలల అబద్ధం బయటపడుతుంది. ఆ బొప్పి శనివారానికల్లా తగ్గిపోయింది, ఆ మాటా అంతటితో పోయింది.

ఆ గురువారం లైనులో ఊపిరాడనంత పని. పదకొండు దాటాక చెకింగ్ బల్ల మీంచి రెండు చొక్కాలు తిరిగొచ్చాయి. జేబులు ఏటవాలుగా ఉన్నాయి. అక్క వాటిని సూపర్వైజరు కంట పడకుండా లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ లైనులో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు అది. ఒకరు పాడుచేసిన ముక్కని పక్కవాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా విప్పి మళ్ళీ కుట్టేస్తారు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని గదిమింది.

"చెయ్యి బరువుగా ఉందక్కా" అంది చెల్లెలు. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"నిద్ర చాలలేదు నీకు. కానివ్వు, నేను సర్దుతాలే."

సర్దడానికే కూర్చుంది. చెల్లెలు కుట్టే ప్రతి జేబూ వంకరగానే వస్తోంది. అక్క తల వంచుకుని మిషను చాటున ఒక్కొక్కటీ కుట్లు విప్పుతోంది, మళ్ళీ కుడుతోంది, కట్టలో దోపుతోంది. తన కాలర్లు వెనకబడిపోతున్నా లెక్కచెయ్యలేదు. చెల్లెలికి చెడ్డపేరు రాకూడదు, చెల్లెల్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఆ పట్టుదలతో పక్కకి తిరిగి మొహం చూడటమే మర్చిపోయింది. పదకొండు జేబులు విప్పి కుట్టాక తలెత్తి చూస్తే, చెల్లెలి మిషను కింద గుడ్డ లేదు. కాలు పెడల్ మీదే ఉంది, సూది ఉత్తినే పైకీ కిందికీ ఆడుతోంది. నోరు ఒక పక్కకి లాగేసింది. "చిన్నీ" అని భుజం మీద చెయ్యి వేయగానే కూర్చున్న స్టూలు మీంచి జారి అక్క కాళ్ళ మీద పడింది.

ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న, ఎప్పుడు మొదలైందని. పదకొండు జేబుల కింద, అని అక్క నోటిదాకా వచ్చింది. ఎంతసేపో అప్పుడు లెక్క తెలిసింది. గంట దాటిపోయింది. చెయ్యి బరువెక్కగానే తీసుకొచ్చి ఉంటే వేరుగా ఉండేదేమో అన్నారు. తలలో నరం దెబ్బతింది. కుడి చెయ్యి, కుడి కాలు ఇక స్వాధీనంలోకి రావడం కష్టమన్నారు.

రెండు రోజుల సెలవు అయిపోయింది. సోమవారం నుంచి అక్క డ్యూటీకి వెళ్ళి, సాయంత్రం అటు నుంచి అటే ఆసుపత్రికి వస్తోంది. మంగళవారం వచ్చేసరికి మంచం దగ్గర వార్డు డాక్టరు ఉంది, చిన్నవయసు అమ్మాయి. ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చి చూపించమని ముందురోజే చెప్పింది. అక్క గుడ్డసంచి అందించింది. డాక్టరమ్మ మంచం మీద బోర్లించి చూసి ఆశ్చర్యపోయింది. నెలల తరబడి కొన్న మాత్రలు చాలా మటుకు అట్టల్లోనే ఉన్నాయి. ఏ అట్ట చూసినా అక్కడక్కడా రెండేసి గుంటలు మాత్రం ఖాళీ.

"ఇదేంటమ్మా, ఇన్ని మిగిలిపోయాయి? వేసుకోలేదా?"

అక్క ఆ అట్టల్ని మళ్ళీ సంచిలోకి సర్దసాగింది.

"మాటిమాటికీ బాత్రూంకి వెళ్ళాల్సొస్తోందని ఆపేశారా? చాలామంది అలాగే ఆపేస్తారు" అంది డాక్టరమ్మ. "దానికి బోలెడు మార్గాలున్నాయి. పని నుంచి ఇంటికొచ్చాక వేసుకోమనేవాళ్ళం. లేకపోతే ఆ ఇబ్బంది లేని మాత్ర ఇంకోటి రాసేవాళ్ళం. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది."

ఒక్క మాట. కాలరక్క మంచం ఊచ పట్టుకుని నిలబడిపోయింది. అప్పటికప్పుడు నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. చెప్పేద్దామనుకుంది. నేనే ఆపించాను, నేనే అబద్ధం చెప్పాను, దీని తప్పేం లేదు అని.

డాక్టరమ్మ మంచం వైపు వంగింది. "నువ్వు చెప్పమ్మా, మాత్రలు ఎందుకు వేసుకోలేదు?"

చెల్లెలు కళ్ళు తిప్పి అక్కని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ వంకరపోయిన నోటితో ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ అంది.

"మ... మర్చి... పోయా."

"ఇన్ని నెలలు మర్చిపోయావా! ప్రాణం మీద అంత నిర్లక్ష్యమైతే ఎలాగమ్మా?" అని డాక్టరమ్మ గట్టిగానే కోప్పడింది. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పి చూశారు. చెల్లెలు మొట్టికాయ తిన్న పిల్లలా కళ్ళు దించుకుంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని అవతలి మంచానికి వెళ్ళిపోయింది. కాలరక్క అంతా వింటూనే నిలబడింది. అవును, ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆవిణ్ణి క్షమించడం నా వల్ల కావడం లేదు. ఆవిడ వల్లా కాలేదు, అది వేరే సంగతి.

అక్క స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, చెల్లెలి మూతి పక్కన కారుతున్న తడి తుడిచింది. "ఎందుకే అలా చెప్పావ్?" అంది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

చెల్లెలు ఇంకా ఆడుతున్న ఎడమచేత్తో అక్క మణికట్టు పట్టుకుంది. చెప్పాలనుకున్నది నాలుకకి అందక కాసేపు పెనుగులాడింది.

"నీ... మాత్ర?" అంది. "వేసుకు... న్నావా?"

ఆ రోజు మంగళవారం, డ్యూటీ రోజు. పాసు ఇంకా ఆ మేకు మీదే ఉంది, లైనులో ఇంకా ముప్పై ఏడు మంది ఉన్నారు. ఆ పొద్దున్న కాలరక్క మాత్ర చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్ళీ డబ్బాలో వేసేసి డ్యూటీకి వెళ్ళింది.

"ఆఁ, వేసుకున్నానే" అంది.

చెల్లెలి మొహం తేటపడింది. పట్టుకున్న చెయ్యి వదిలి నెమ్మదిగా కళ్ళు మూసుకుంది. చెప్పింది అక్క కాబట్టి నమ్మింది.